జేబులో వాల్వు... చెవిలో పాట!

తాతల కాలంలో రేడియో పెట్టెలో వెలిగిన గాజు వాల్వు మళ్లీ వచ్చింది. ఈసారి గోడ గూట్లోకి కాదు, చొక్కా జేబులోకి! సెల్‌ఫోనుకూ హెడ్‌ఫోనుకూ మధ్య కూర్చుని పాటకు కాస్త వెచ్చదనం అద్దే ఈ బుల్లి ఆంప్లిఫయర్ల వెనక మరో విశేషం ఉంది. వీటిలో కొన్నింటికి పెట్టుబడి బ్యాంకులు ఇవ్వలేదు, షావుకార్లు ఇవ్వలేదు. ముక్కూమొహం తెలియని జనం ఇంటర్‌నెట్‌లో తలా కొంత వేసుకున్నారు.

మీట తిప్పగానే ‘టిక్‌’మని చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం. అర నిమిషమైనా ఆగాలి. పెట్టె వెనక అట్టకున్న కంతల్లోంచి నారింజరంగు వెలుగు కనిపిస్తుంది. ముందువైపు ఆకుపచ్చ కన్ను మెల్లగా తెరుచుకుంటుంది. అప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు మొదలై గది నిండా పరుచుకుంటుంది పాట. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన రోజుల్లో తెలుగిళ్లలో రేడియో వినడమంటే ఇదే. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ వినేవారు. రేడియో మూగబోతే మెకానిక్‌ వచ్చి, వెనక అట్ట విప్పి, వెలగని బుడ్డిని పీకి కొత్తది పెట్టేవాడు. ఆ బుడ్డే వాల్వు.

ట్రాన్సిస్టర్లు వచ్చాక వాల్వుల పని అయిపోయిందనుకున్నారంతా. రేడియోలు అటకెక్కాయి. వాల్వులు పాత ఇనుప సామాన్ల కొట్లకు చేరాయి. అరచేతిలో పట్టే చిప్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఇముడుతున్న ఈ రోజుల్లో ఆ గాజు బుడ్డిని వెతికి తెచ్చి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలో బిగించి, దానికి బ్యాటరీ తగిలించి, జేబులో వేసుకుని తిరుగుతున్నారు పాటల పిచ్చోళ్లు.

ఎందుకంత మోజు? అసలు అందులో ఏముంది? దానికోసం ఇంకా తయారే కాని వస్తువుకు ముందే డబ్బు కట్టడం తెలివైన పనేనా?

ఫోనుకు మరో తోడు ఎందుకు?

సెల్‌ఫోనులో పాటలు వినడానికి ఫోనుంటే చాలు కదా అనిపించవచ్చు. మామూలు ఇయర్‌ఫోన్లకైతే నిజంగానే చాలు. కానీ పాటను శ్రద్ధగా వినేవాళ్లు వాడే పెద్ద హెడ్‌ఫోన్ల సంగతి వేరు. వాటిలోని తీగచుట్ట కరెంటుకు చూపించే నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. చిన్న ఇయర్‌ఫోన్లకు అది 16 నుంచి 32 ఓమ్‌ల దాకా ఉంటుంది. స్టూడియోల్లోనూ సంగీత ప్రియుల ఇళ్లలోనూ పేరుపడ్డ సెన్‌హైజర్‌ హెచ్‌డీ 600 లాంటివాటికైతే 300 ఓమ్‌లు. అంత నిరోధాన్ని దాటించి పొరను బలంగా కదిలించాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఫోను ఇచ్చేది సరిపోదు. పాట వినిపిస్తుంది కానీ పలచగా, నీరసంగా ఉంటుంది. పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు మోటారు చిన్నదైతే చివరి మడికి నీరు అందనట్టే ఇదీ.

ఆ లోటు తీర్చేదే హెడ్‌ఫోన్‌ ఆంప్లిఫయర్‌. ఫోను నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని అందుకుని, పెంచి, హెడ్‌ఫోనుకు అందిస్తుంది. 2016లో వచ్చిన ఐఫోన్‌ 7 నుంచి ఆపిల్‌ తన ఫోన్లలో ఇయర్‌ఫోన్‌ గుచ్చే రంధ్రాన్నే తీసేసింది. ఆ బాటలో మిగతా కంపెనీలూ నడిచాయి. దాంతో బయటి నుంచి ఏదో ఒక డబ్బా తగిలించుకోవడం చాలామందికి తప్పనిసరైంది. ఎలాగూ తగిలించుకోవాలి కాబట్టి, ఆ తగిలించుకునేది కాస్త ముచ్చటైనదైతే బాగుంటుంది కదా అనుకున్నవాళ్ల చూపు వాల్వు మీద పడింది.

బల్బులో పుట్టిన బిడ్డ

వాల్వుకు తాత కరెంటు బల్బే. బల్బు లోపలి గాజు నల్లబడటం ఎందుకో కనిపెట్టాలని 1880ల్లో థామస్‌ ఆల్వా ఎడిసన్‌ ప్రయోగాలు చేశాడు. బల్బులోనే మరో లోహపు ముక్కను అమర్చితే, వేడెక్కిన తీగ నుంచి దానికి ఖాళీలోంచే కరెంటు ప్రవహించడం గమనించాడు. పేటెంటు తీసుకున్నాడు కానీ, దాంతో ఏం చేయాలో ఆయనకు తోచలేదు.

దాని ఉపయోగం పట్టుకున్నది ఇంగ్లండుకు చెందిన జాన్‌ ఆంబ్రోస్‌ ఫ్లెమింగ్‌. 1904లో ఆయన చేసిన పరికరంలో కరెంటు ఒకవైపే వెళ్తుంది, వెనక్కి రాదు. నీటి గొట్టంలో వాల్వు చేసే పని కూడా అదే కాబట్టి ఆ పేరే పెట్టాడు. రెండేళ్ల తర్వాత అమెరికాలో లీ డి ఫారెస్ట్‌ ఆ రెండింటి మధ్య సన్నని తీగతో అల్లిన జల్లెడ లాంటి భాగాన్ని చేర్చాడు. దాన్నే గ్రిడ్‌ అంటారు. గ్రిడ్‌ మీద వోల్టేజీ పిసరంత మారితే చాలు, దాని గుండా వెళ్లే పెద్ద ప్రవాహం అదే తీరుగా ఎక్కువా తక్కువా అవుతుంది. కుళాయి తిప్పడానికి వేలి బలం చాలు, కానీ గొట్టంలోంచి వచ్చే నీళ్ల బలం వేరు కదా! బుల్లి సంకేతం పెద్ద సంకేతం కావడంలోని కిటుకంతా ఇదే.

రేడియో, దూరపు టెలిఫోను, మాట్లాడే సినిమా, టీవీ, రాడార్‌... ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వీటన్నింటినీ నడిపించింది ఈ బుడ్డే. 1946లో అమెరికాలో జనానికి చూపించిన ఎనియాక్‌ కంప్యూటర్‌లో సుమారు 18 వేల వాల్వులు ఉండేవి. మన దేశంలో 1954లో బెంగళూరులో పుట్టిన భారత్‌ ఎలక్ట్రానిక్స్‌ సంస్థ కూడా రేడియో వాల్వులు తయారుచేసింది. ఆ బీఈఎల్‌ ముద్ర ఉన్న పాత వాల్వుల కోసం ఇప్పటికీ వెతికే సంగీత ప్రియులున్నారు.

1947 డిసెంబరులో బెల్‌ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్‌ పుట్టడంతో కథ మలుపు తిరిగింది. వేడి లేదు, పగిలే గాజు లేదు, వేడెక్కేదాకా ఆగక్కర్లేదు. 1954లో జేబులో పట్టే తొలి ట్రాన్సిస్టర్‌ రేడియో రీజెన్సీ టీఆర్‌-1 అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత వాల్వు ఒక్కొక్క ఇల్లే ఖాళీ చేస్తూ వెళ్లింది.

పూర్తిగా మాత్రం పోలేదు. 1976 సెప్టెంబరు 6న ఓ సోవియట్‌ పైలట్‌ తన మిగ్‌-25 యుద్ధవిమానాన్ని జపాన్‌లోని హకోదాతెలో దించి ఆశ్రయం కోరాడు. అప్పట్లో ప్రపంచాన్ని వణికించిన ఆ విమానాన్ని విప్పి చూసిన నిపుణులకు లోపల వాల్వులు కనిపించాయి! ఇక రాక్‌ సంగీతంలో గిటారు వాయించేవాళ్లయితే వాల్వు ఆంప్లిఫయర్‌ను ఎన్నడూ వదల్లేదు. ప్రపంచంలో నేటికీ ఆడియో వాల్వులు పెద్దయెత్తున తయారుచేసే ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. స్లొవేకియా, రష్యా, చైనా దేశాల్లో ఉన్న వాటికి గిరాకీ ఇచ్చేది ప్రధానంగా ఈ గిటారు కళాకారులూ, పాటల ప్రియులూనే. 2022లో యుద్ధం కారణంగా రష్యా నుంచి సరఫరాకు ఆటంకం వచ్చినప్పుడు వాళ్లందరూ ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు.

చెవి మిషను నుంచి... ఫిరంగి గుండు దాకా

మామూలు వాల్వును జేబులో పెట్టుకోవడం అయ్యే పని కాదు. ఆంప్లిఫయర్లలో బాగా వాడే 12ఏఎక్స్‌7 అనే వాల్వునే తీసుకుందాం. పాట సంగతి తర్వాత, లోపలి తీగను వేడిగా ఉంచడానికే దానికి దాదాపు 1.9 వాట్లు కావాలి. వెయ్యి మిల్లీ ఆంపియర్‌ అవర్ల చిన్న బ్యాటరీ పెడితే రెండు గంటల్లో ఖాళీ! పైగా అది సరిగ్గా పనిచేయడానికి వందకు పైగా వోల్టులు కావాలి. జేబులో వేసుకోవడానికి అది ప్రమాదం కూడా.

దీనికి పరిష్కారం ఎనభై తొంభై ఏళ్ల కిందటే దొరికింది. 1930ల చివర్లో వినికిడి లోపం ఉన్నవారి కోసం ఒంటికి తగిలించుకునే చెవి మిషన్లు వచ్చాయి. వాటికోసం వేలి కణుపంత వాల్వులు చేశారు. బ్యాటరీ మీద నడవాలి కాబట్టి అవి చాలా తక్కువ కరెంటుతో సర్దుకునేవి. రెండో ప్రపంచయుద్ధంలో అవి మరో అవతారం ఎత్తాయి. శత్రు విమానం దగ్గరికి రాగానే దానంతటదే పేలే ఫిరంగి గుండ్లను అమెరికా తయారుచేసింది. గుండు ముక్కులో చిన్న రేడియో, అందులో ఈ చిట్టి వాల్వులు! ఫిరంగిలోంచి దూసుకెళ్లేటప్పుడు గురుత్వాకర్షణకు వేల రెట్ల కుదుపు. ఆ గాజు దాన్ని తట్టుకుంది. యుద్ధం ముగిసేసరికి అలాంటి ఫ్యూజులు రెండు కోట్లకు పైగా తయారయ్యాయి. శాంతి వచ్చాక అవే వాల్వులు మళ్లీ చెవి మిషన్లలోకి వెళ్లాయి. 1952 చివర్లో ట్రాన్సిస్టర్‌ ఉన్న చెవి మిషను రాగానే ఆ ఉద్యోగమూ పోయింది.

అలా మిగిలిపోయిన సైనిక సరుకే నేటి జేబు ఆంప్లిఫయర్లకు ప్రాణం. అమెరికా కంపెనీ రేథియాన్‌ చేసిన జేఏఎన్‌ 6418 అనే వాల్వు వీటిలో బాగా ప్రసిద్ధి. జేఏఎన్‌ అంటే ఆ దేశపు సైన్యం, నౌకాదళం ఉమ్మడిగా ఒప్పుకున్న నాణ్యత గుర్తు. దీని తీగ వేడెక్కడానికి 1.25 వోల్టులు, 10 మిల్లీ ఆంపియర్లు చాలు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి పెట్టినా మొత్తం 25 మిల్లీవాట్లే. పెద్ద వాల్వు తినేదాంట్లో నూటికి ఒకటిన్నర వంతు! చైనాకు చెందిన కేయిన్‌ సంస్థ 2020లో తెచ్చిన ఎన్‌3ప్రో అనే జేబు మ్యూజిక్‌ ప్లేయర్‌లో ఉన్నవి ఈ వాల్వులే.

పాత సరుకు ఎన్నాళ్లు వస్తుంది? ఈ ప్రశ్నకు జపాన్‌లో ఓ చక్కటి జవాబు దొరికింది. పాత క్యాలిక్యులేటర్లలో, టేప్‌రికార్డర్లలో నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో అంకెలు వెలిగేవి గుర్తున్నాయా? ఆ వెలుగుపలకను 1967లో ఇసే ఎలక్ట్రానిక్స్‌ అనే కంపెనీ కనిపెట్టింది. నిజానికి దాని లోపల ఉన్నదీ వాల్వు నిర్మాణమే: వేడెక్కే తీగ, గ్రిడ్‌, ఎలక్ట్రాన్లు తగిలే పలక. సంగీత వాద్యాలు తయారుచేసే కార్గ్‌ సంస్థలోని ఫుమియో మియెదా అనే సీనియర్‌ ఇంజనీరుకు ఈ పోలిక మీద దృష్టి పడింది. అంకెలు చూపించే పలకతోనే పాటను ఎందుకు పెంచకూడదు? ఇసే కంపెనీకి వారసురాలైన నోరిటాకే ఇట్రాన్‌తో కలిసి కార్గ్‌ 2015లో న్యూట్యూబ్‌ను ప్రకటించింది. నోరిటాకే అంటే పింగాణీ ప్లేట్లకు, కప్పులకు పేరుమోసిన సంస్థ. అది పుట్టింది 1904లో. ఫ్లెమింగ్‌ వాల్వు పుట్టిన ఏడాదే!

న్యూట్యూబ్‌ గుండ్రటి బుడ్డి కాదు, చదునైన గాజు బిళ్ల. మామూలు వాల్వుకు కావలసిన కరెంటులో 2 శాతం కూడా దీనికి అక్కర్లేదనీ, ఆగకుండా 30 వేల గంటలు పనిచేస్తుందనీ కార్గ్‌ చెబుతోంది. రోజుకు 3 గంటలు విన్నా 27 ఏళ్లు! వెలిగితే లోపల నీలి ఆకుపచ్చ కాంతి. సోల్డరింగ్‌ అవసరం లేకుండా ఇంట్లోనే బిగించుకునే హెడ్‌ఫోన్‌ ఆంప్లిఫయర్‌ కిట్‌ను కూడా కార్గ్‌ అమ్మింది. విడిగా న్యూట్యూబ్‌ కొనుక్కునే వీలుండటంతో చిన్న వర్క్‌షాపులకూ, ఇంట్లోనే ప్రయోగాలు చేసేవాళ్లకూ దారి దొరికింది.

తియ్యదనం ఎక్కడిది?

‘వాల్వులో వింటే పాట వెచ్చగా ఉంటుంది’ అంటారు అభిమానులు. ఇందులో నిజమెంత?

కొలిచి చూస్తే వాల్వు ఆంప్లిఫయర్‌ తప్పు ఎక్కువ చేస్తుంది. లోపలికి వెళ్లిన స్వరానికి తనవి కొన్ని చేర్చి బయటికి పంపుతుంది. అయితే ఆ చేర్చేవి ఏమిటన్నదే అసలు విశేషం. 200 కంపనాలున్న షడ్జమం లోపలికి వెళ్లిందనుకుందాం. వాల్వు ముఖ్యంగా దానికి రెట్టింపు, అంటే 400 కంపనాల స్వరాన్ని కలుపుతుంది. అది తారస్థాయి షడ్జమమే! అసలు స్వరంతో కలిసిపోతుంది, విడిగా వినిపించదు. మూడు రెట్లయితే 600, అది దానిపైన పంచమం. అయిదు రెట్లయితే 1000, అంతర గాంధారం. మంచి తంబురా మీటితే వినిపించే స్వరాలు ఇవే. ఇంకా పైకి, ఏడు రెట్ల దగ్గరికి వెళితే అక్కడి స్వరం శ్రుతిలో ఇమడదు, చెవికి గుచ్చుకుంటుంది. సాదాసీదాగా కట్టిన ట్రయోడ్‌ వాల్వు సర్క్యూట్‌ చేర్చేది ఎక్కువగా మొదటి రకమే. పాట మీద తేనె పూత పూసినట్టు ఉంటుందనేది అందుకే. సామర్థ్యానికి మించి శబ్దం పెంచినప్పుడు వాల్వుకూ ట్రాన్సిస్టర్‌కూ ఈ తేడా ఎలా ఉంటుందో రసెల్‌ హామ్‌ అనే ఇంజనీరు 1973లోనే ఓ పరిశోధన వ్యాసంలో వివరించాడు.

అంతమాత్రాన ఇది వాల్వుకే దక్కిన మంత్రం కాదు. 1985లో బాబ్‌ కార్వర్‌ అనే అమెరికన్‌ ఇంజనీరు ‘స్టీరియోఫైల్‌’ పత్రిక సంపాదకులతో పందెం కట్టాడు. వాళ్లు మెచ్చిన ఖరీదైన వాల్వు ఆంప్లిఫయర్‌కు సరిపోలేలా తన చవక ట్రాన్సిస్టర్‌ ఆంప్లిఫయర్‌ను హోటల్‌ గదిలోనే కూర్చుని సరిచేశాడు. విన్న సంపాదకులు తేడా చెప్పలేకపోయారు! మరోమాట. తక్కువ వోల్టేజీతో నడిచే జేబు ఆంప్లిఫయర్లలో వాల్వు ఒక్కటే అంతా చేయదు. స్వరానికి రంగు అద్దేది వాల్వు, హెడ్‌ఫోన్‌ను కదిలించే బరువు పని చేసేది మామూలు చిప్‌ లేదా ట్రాన్సిస్టర్లు. అందుకే వీటిని హైబ్రిడ్‌లంటారు. పోపు వాల్వుది, కూర ట్రాన్సిస్టర్‌ది అన్నమాట. పోపు పెట్టని పప్పు బలానికి లోటుండదు, కానీ రుచి సంగతి తినేవాళ్లే చెప్పాలి.

చందాలతో చేసిన డబ్బా

ఇలాంటి వస్తువును పెద్ద కంపెనీలు ఎక్కువగా ఎందుకు తయారుచేయవు? కొనేవాళ్లు లక్షల్లో ఉండరు కాబట్టి. ప్రపంచం మొత్తం వెతికితే వేలల్లో ఉంటారు, అదీ ఊరికొకరు. అంత తక్కువ సంఖ్యకు అచ్చులు పోయించడం, సర్క్యూట్‌ బోర్డులు చేయించడం, భద్రతా పరీక్షలు జరిపించడం గిట్టుబాటు కాదు. బ్యాంకులూ అప్పివ్వవు. అందుకే చిన్న తయారీదారులు నేరుగా వినేవాళ్లనే అడుగుతున్నారు: ‘మీరు ముందే డబ్బు ఇవ్వండి, తయారుచేసి మీకే పంపిస్తాం’ అని.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. న్యూయార్క్‌లో స్వేచ్ఛాదేవి విగ్రహానికి దిమ్మె కట్టడానికి డబ్బు చాలకపోతే, 1885లో జోసెఫ్‌ పులిట్జర్‌ తన ‘వరల్డ్‌’ పత్రికలో పిలుపునిచ్చాడు. ఎంత చిన్న మొత్తమిచ్చినా పేరు అచ్చువేస్తానన్నాడు. అయిదు నెలల్లో లక్షమందికి పైగా కలిసి లక్ష డాలర్లు దాటించారు. చాలామంది ఇచ్చింది డాలరులోపే. 1976లో శ్యామ్‌ బెనెగల్‌ తీసిన ‘మంథన్‌’ సినిమాకు గుజరాత్‌ పాడి రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేశారు. 1997లో బ్రిటన్‌కు చెందిన మరిలియన్‌ అనే రాక్‌ బృందం అమెరికా పర్యటనకు డబ్బు లేదంటే, అభిమానులే ఇంటర్‌నెట్‌లో కూడి సుమారు 60 వేల డాలర్లు పోగుచేశారు. తెలుగులోనూ 2018లో ‘మను’ సినిమా ఇలాగే ప్రేక్షకుల పెట్టుబడితో వచ్చింది.

2008లో ఇండీగోగో, 2009 ఏప్రిల్‌లో కిక్‌స్టార్టర్‌ రావడంతో ఇది పెద్ద వ్యవహారమైంది. కిక్‌స్టార్టర్‌ తీరు ఇలా ఉంటుంది: తయారీదారు తన నమూనా చూపించి, ఇంత డబ్బు కావాలని లక్ష్యం, ఇన్నాళ్లని గడువు పెడతాడు. ఆలోగా లక్ష్యం చేరితేనే చందాదారుల ఖాతాల్లోంచి డబ్బు తీస్తారు. చేరకపోతే ఎవరికీ పైసా పోదు. చేరితే సంస్థ 5 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల ఖర్చు అదనం. ముందొచ్చినవాళ్లకు తక్కువ ధర, కాస్త ఎక్కువిస్తే చెక్క పెట్టె, ఇంకాస్త ఇస్తే పేరు చెక్కిన మూత... ఇలా మెట్లుమెట్లుగా ఆశ పెడతారు.

పాటల ప్రపంచంలో ఇది ఎంత దూరం వెళ్లిందో చెప్పే ఉదాహరణలున్నాయి. గాయకుడు నీల్‌ యంగ్‌ 2014లో పోనో అనే మ్యూజిక్‌ ప్లేయర్‌ కోసం అడిగితే 18 వేల మందికి పైగా 62 లక్షల డాలర్లిచ్చారు. ప్లేయర్లు వచ్చాయి, కానీ వ్యాపారం మూడేళ్లకే ముగిసింది. అదే ఏడాది వైర్లు లేని బ్రాగి డాష్‌ ఇయర్‌ఫోన్లకు సుమారు 16 వేల మంది 33 లక్షల డాలర్లకు పైగా కట్టారు. అవి చెప్పిన సమయం కన్నా ఏడాదికి పైగా ఆలస్యంగా అందాయి. 2016లో ఒసిక్‌ ఎక్స్‌ అనే హెడ్‌ఫోన్లకు 10 వేల మందికి పైగా 27 లక్షల డాలర్లిచ్చారు. 2018లో ఆ కంపెనీ మూతపడింది. డబ్బు కట్టినవారిలో చాలామందికి హెడ్‌ఫోన్లూ రాలేదు, డబ్బూ రాలేదు.

ఎక్కడ చెడుతుంది?

మోసాలు లేకపోలేదు కానీ, చాలాసార్లు చెడేది మోసం వల్ల కాదు. ఒక ముక్క చేయడం వేరు, వెయ్యి చేయడం వేరు. పదిమందికి వండే చేయి పెళ్లికి వండలేదు కదా!

వాల్వు ఆంప్లిఫయర్‌కైతే ఈ చిక్కులు మరీ ఎక్కువ. పాత సైనిక వాల్వులు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక్కొక్కటీ పరీక్షించి, ఎడమకూ కుడికీ సరిజోడు వెతకాలి. చాలావరకు వాటికి గుచ్చే కాళ్లుండవు, సన్నటి తీగలుంటాయి. వాటిని బోర్డుకు అతికిస్తారు కాబట్టి పాడైతే ఇంట్లో మార్చుకోవడం కష్టం. మరో సమస్య మోగడం. వాల్వులోని సన్నని తీగలు కుదుపుకు కంపిస్తాయి. డబ్బాను వేలితో తడితే హెడ్‌ఫోనులో ‘టింగ్‌’మని గంట కొట్టినట్టు వినిపిస్తుంది. బల్ల మీద పెట్టుకునేదానికి పర్వాలేదు కానీ, జేబులో వేసుకుని నడిచేవాళ్లకు అడుగడుగునా గంటే! అందుకని వాల్వును రబ్బరు లేదా జెల్‌ లాంటి మెత్తటి పరుపు మీద కూర్చోబెడతారు. ఆ పరుపు కుదిరేదాకా నమూనాలు మారుస్తూనే ఉండాలి. సెల్‌ఫోను పక్కనే ఉంటుంది కాబట్టి దాని సిగ్నళ్ల రొద పాటలోకి దూరకుండా చూడాలి. చివరికి లితియం బ్యాటరీ ఉన్న పార్సిల్‌ను విమానంలో పంపడానికీ బోలెడు నిబంధనలున్నాయి.

ఈలోగా చందాలు బాగా వచ్చాయన్న ఉత్సాహంతో ‘ఇంకో పదివేల డాలర్లొస్తే బ్లూటూత్‌ కూడా పెడతాం’ అంటే కథ మళ్లీ మొదటికి! కొత్త భాగం చేర్చితే బోర్డు మారుతుంది, బోర్డు మారితే పెట్టె మారుతుంది, గడువు జారుతుంది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్‌ మోలిక్‌ 2015లో దాదాపు 50 వేల మంది కిక్‌స్టార్టర్‌ చందాదారులను అడిగి ఓ లెక్క తేల్చాడు. డబ్బు సమకూరిన ప్రాజెక్టుల్లో 9 శాతం చెప్పినవి ఇవ్వలేకపోయాయి. అంటే పదిలో తొమ్మిది ఏదో ఒకరోజు అందుతాయి, కానీ పదోది మనదే కావచ్చు. ‘కిక్‌స్టార్టర్‌ దుకాణం కాదు’ అని ఆ సంస్థే 2012లో ప్రకటించింది. కంప్యూటర్‌లో గీసిన అందమైన బొమ్మలను అసలు వస్తువులా చూపించకూడదనీ అప్పుడే నిబంధన పెట్టింది.

డబ్బు కట్టే ముందు...

• పనిచేస్తున్న నమూనా వీడియో ఉందా? బొమ్మలు మాత్రమే ఉంటే ఆగడం మేలు.

• తయారీదారు ఇంతకుముందు ఏదైనా చేసి, చెప్పినట్టు పంపాడా? పాత ప్రాజెక్టు కింద చందాదారులు రాసిన మాటలు చదివితే చాలా తెలుస్తుంది.

• ఏ వాల్వు వాడుతున్నారు? పాడైతే మార్చిస్తారా? ఎన్నేళ్లు? జవాబు స్పష్టంగా ఉండాలి.

• ‘వాల్వు’ అని పేరుంటే చాలదు. కొన్ని చవక రకాల్లో వాల్వు కింద రంగు దీపం పెట్టి వెలుగు చూపిస్తారు. వాల్వు నిజంగా పాట దారిలో ఉందో లేదో అడగాలి.

• ఎన్ని ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఎన్ని మిల్లీవాట్లు ఇస్తుందో అంకెల్లో చూడాలి. మీ హెడ్‌ఫోన్‌ 16 ఓమ్‌ల చిన్న ఇయర్‌ఫోనే అయితే దీని అవసరం పెద్దగా లేదు. పైగా వెనక బుస్సుమనే శబ్దం వినిపించవచ్చు.

• విదేశం నుంచి వచ్చే పార్సిల్‌కు రవాణా ఖర్చు, కస్టమ్స్‌ సుంకం కలిపి లెక్క వేసుకోవాలి.

• అన్నిటికన్నా ముఖ్యం: పోయినా ఇంట్లో ఇబ్బంది కలగనంత డబ్బే కట్టాలి.

ఇంకో జాగ్రత్త చెవుల గురించి. ఆంప్లిఫయర్‌ వచ్చిందంటే శబ్దం పెంచే శక్తి వచ్చినట్టే. ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల మందికి పైగా యువత పెద్ద శబ్దంతో వినడం వల్ల వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. 80 డెసిబెల్స్‌ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. అదే 90కి పెంచితే వారానికి నాలుగు గంటలే! వాల్వు శబ్దం మెత్తగా ఉంటుంది కాబట్టి ఎంత పెంచామో తెలియకుండా పోతుంది. పాత రేడియోలు, పెద్ద వాల్వు ఆంప్లిఫయర్లు విప్పి చూడాలన్న ఉబలాటం పిల్లలకుంటే మరీ జాగ్రత్త. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా వాటిలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

ఇన్ని చిక్కులున్నా ఈ బుల్లి పెట్టెలను కోరుకునేవాళ్లు తగ్గడం లేదు. కారణం స్వచ్ఛమైన శబ్దం ఒక్కటే కాదు. అంతకన్నా తక్కువ ధరకే, తప్పుల్లేని శబ్దాన్నిచ్చే చిప్‌లు బోలెడున్నాయి. కానీ వాటిలో వెలుగు కనిపించదు. పని జరుగుతున్నట్టు తెలియదు. వాల్వులో వేడెక్కిన తీగ కంటికి కనిపిస్తుంది. దాని మీదుగానే మనం వింటున్న గొంతు వస్తోందని తెలుస్తుంది. పాటను పక్కన మోగే చప్పుడుగా కాకుండా కూర్చుని వినే పనిగా మారుస్తుంది.

డబ్బు కట్టిన చందాదారుకైనా, మీట తిప్పిన శ్రోతకైనా వాల్వు పెట్టే షరతు ఒక్కటే. కాసేపు ఓపిక పట్టాలి. ఆనాటి రేడియో ముందు కూర్చున్న తాతగారికి ఆ సంగతి బాగా తెలుసు. ఆకుపచ్చ కన్ను తెరుచుకునేదాకా ఆయన ఏ మీటా తిప్పేవాడు కాదు!